జీఆర్ఈ, టోఫెల్ స్కోర్లు యూనివర్సిటీకి పంపించే సర్వీస్: నా రివ్యూ, నా 24 వేల కథ

రేటింగ్ ముందే చెప్పేస్తాను. జీఆర్ఈ (అమెరికాలో పీజీకి రాసే టెస్ట్), టోఫెల్ (ఇంగ్లిష్ టెస్ట్) రెండూ నడిపే ఈటీఎస్ సంస్థ వాళ్ల స్కోర్లు పంపే సర్వీస్‌కి 5కి 4 ఇస్తాను. మేము డబ్బు కట్టి తీసుకున్న కన్సల్టెన్సీ వాళ్ల "అప్లికేషన్లు, స్కోర్లు అన్నీ మేమే పంపుతాం" ప్యాకేజీకి 5కి 1. ఆ ఒక్కటి కూడా ట్రాన్స్‌క్రిప్టులు (కాలేజీ ఇచ్చే మార్కుల పత్రాలు) టైముకి కొరియర్ చేసినందుకు. కన్సల్టెన్సీ పేరు రాయను, దయచేసి అడగొద్దు. ఇలాంటివి అమీర్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా చాలా ఉన్నాయి, పేరు తెలుసుకోవడం కంటే పని ఎక్కడ చెడింది అన్నది తెలుసుకుంటేనే మీకు ఉపయోగం.

మాది ఖమ్మం. నాన్నకి చిన్న ఎరువుల షాపు ఉంది. నేను 2024 సెప్టెంబర్‌లో జీఆర్ఈ రాశాను, అక్టోబర్‌లో టోఫెల్, 2025 ఫాల్‌కి (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్‌కి) కంప్యూటర్ సైన్స్‌లో ఎంఎస్ కోసం ఎనిమిది యూనివర్సిటీలకి అప్లై చేశాను. కోచింగ్ గురించి, క్వాంట్‌లో (జీఆర్ఈలో లెక్కల భాగం) 165 ఎలా దాటాలి అన్నదాని గురించి మన పిల్లలు ఎంత అడుగుతారో నాకు తెలుసు, నేనూ నెలల తరబడి అదే అడిగాను. కానీ వచ్చిన స్కోరు యూనివర్సిటీకి ఎలా చేరుతుంది, చేరాక నా ఫైల్లోకి ఎలా వెళ్తుంది అని మాత్రం ఒక్కరినీ అడగలేదు. స్కోరు వచ్చిందంటే పని అయిపోయినట్టే అనుకున్నాను. ఇంట్లో వాళ్లూ అలాగే అనుకున్నారు, స్వీట్లు కూడా పంచారు.

ముందు అసలు సర్వీస్ ఎలా ఉంటుందో చెప్తాను.

జీఆర్ఈ రాసే రోజు, టెస్ట్ అయిపోగానే కంప్యూటర్ మీద ఒక ప్రశ్న వస్తుంది: స్కోరు రిపోర్ట్ చేయాలా, క్యాన్సిల్ చేయాలా అని. రిపోర్ట్ అంటేనే వెర్బల్ (ఇంగ్లిష్ భాగం), క్వాంట్ స్కోర్లు కనబడతాయి (రైటింగ్ స్కోరు తర్వాత వస్తుంది). అవి చూశాక ఇంకో స్క్రీన్ వస్తుంది, నాలుగు యూనివర్సిటీల వరకు ఉచితంగా పంపుకోవచ్చు, ఎంచుకోండి అని. ఈ నాలుగూ మనం కట్టిన టెస్ట్ ఫీజులో భాగమే. అక్కడ ఎంచుకోకుండా బయటికి వచ్చేస్తే ఆ అవకాశం పోయినట్టే, మర్నాడు అకౌంట్‌లోకి వెళ్లి "నా నాలుగు నాకివ్వండి" అంటే ఇవ్వరు. తర్వాత పంపే ప్రతి రిపోర్టుకీ డబ్బు కట్టాలి, మాకు ఒక్కోదానికి దాదాపు మూడు వేల రూపాయలు పడింది.

టోఫెల్‌కి పద్ధతి వేరు. అక్కడ కూడా నాలుగు ఉచితమే, కానీ వాటిని టెస్ట్‌కి ముందు రోజు రాత్రి 10 గంటల లోపే అకౌంట్‌లో పెట్టేయాలి. అంటే మీ స్కోరు ఎంతో తెలియకుండానే పెట్టాలన్నమాట. ఇది చాలామందికి భయం. నా అభిప్రాయం ఏమిటంటే, భయపడకుండా పెట్టేయండి, ఎందుకంటే టోఫెల్ తక్కువ వచ్చి మళ్లీ రాసినా కొత్త స్కోరు మళ్లీ పంపుకోవచ్చు, ఇంగ్లిష్ టెస్ట్ దగ్గర యూనివర్సిటీలు చూసేది ముఖ్యంగా వాళ్ల కనీస మార్కు దాటామా లేదా అనే.

జీఆర్ఈలో నాకు బాగా నచ్చింది స్కోర్‌సెలెక్ట్. 2012 నుంచీ ఉంది. రెండుసార్లో మూడుసార్లో రాస్తే ఏది పంపాలో మనమే చెప్పొచ్చు. టెస్ట్ రోజున అయితే "ఇప్పుడు రాసింది మాత్రమే" లేదా "అన్నీ" అని రెండే దారులు, తర్వాత డబ్బు కట్టి పంపేటప్పుడు మాత్రం పాతవాటిలోంచి నచ్చింది ఏరుకోవచ్చు. మిగతాసార్లు రాసిన సంగతి ఆ రిపోర్టులో ఉండదు. మా హాస్టల్లో ఒకమ్మాయి మొదటిసారి రెండూ కలిపి 294 వచ్చిందని రెండోసారి రాయడానికే భయపడింది, రెండూ వెళ్తాయేమో, పరువు పోతుందేమో అని. అలా ఏమీ ఉండదు. 21 రోజులు ఆగి మళ్లీ రాయొచ్చు, ఏడాదిలో ఐదుసార్ల దాకా. కాకపోతే ఒకసారి రాసిన క్వాంటూ ఇంకోసారి రాసిన వెర్బలూ కలిపి పంపడం కుదరదు, ఒక రోజు రాసినదంతా ఒకే మూట. టోఫెల్‌లో అయితే మైబెస్ట్ అని, రెండేళ్లలో రాసిన వాటిలో ఒక్కో సెక్షన్‌లో మంచి మార్కు తీసి కలిపి చూపిస్తారు, కానీ దాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నది యూనివర్సిటీ ఇష్టం.

జీఆర్ఈ స్కోరు ఐదేళ్లు పనిచేస్తుంది, టోఫెల్ రెండేళ్లే. ఉద్యోగం చేస్తూ రెండు మూడేళ్ల తర్వాత వెళ్దాం అనుకునేవాళ్లు ముందు జీఆర్ఈ రాసి పెట్టుకుని, ఇంగ్లిష్ టెస్ట్‌ని అప్లై చేసే ఏడాదికి వదిలేయడం మంచిది. 2026 జనవరి నుంచి టోఫెల్ స్కోరు 1 నుంచి 6 లెక్కకి మారింది, కొన్నాళ్లు పాత 120 లెక్క కూడా పక్కనే చూపిస్తున్నారు కాబట్టి యూనివర్సిటీ పేజీలో "90 కావాలి" అని ఉంటే కంగారు పడొద్దు.

ఇప్పుడు మా కథ.

టెస్ట్‌కి రెండు రోజుల ముందు కన్సల్టెన్సీ సార్ ఫోన్ చేశారు. "చివర్లో నాలుగు యూనివర్సిటీలు అడుగుతుందమ్మా, స్కిప్ కొట్టేయండి. మీ స్కోరు చూశాక మనం కూర్చుని లిస్ట్ వేసుకుందాం, తొందరపడి పెడితే వేస్ట్ అయిపోతాయి" అన్నారు. వినడానికి బాగానే ఉంది కదా. నేను ఒప్పుకున్నాను. టెస్ట్ అయ్యాక 313 కనబడింది, క్వాంట్ 163, వెర్బల్ 150, కళ్లు తిరుగుతున్నట్టు ఉంది, ఆ స్క్రీన్ వచ్చింది, స్కిప్ కొట్టాను. ఆ ఒక్క నొక్కు ఖరీదు 12 వేలు. నాలుగు రిపోర్టులు మూడేసి వేలు. "వేస్ట్ అయిపోతాయి" అనే మాటకి అర్థమే లేదు, ఉచితంగా ఇచ్చిన నాలుగూ వాడకపోతేనే వేస్ట్. అక్కడ ఎంచుకున్న నాలుగింట్లో రెండింటికి మీరు చివరికి అప్లై చేయకపోయినా పోయేది ఏమీ లేదు, ఆ స్కోరు వాళ్ల దగ్గర ఊరికే పడి ఉంటుంది. స్కోరు కనబడ్డాకే ఎంచుకోమంటారు కాబట్టి, స్కోరుని బట్టి లిస్ట్ మార్చుకునే వీలు అక్కడే ఉంది. ఇంట్లోంచి బయల్దేరే ముందే రెండు లిస్టులు బుర్రలో పెట్టుకుని వెళ్లాలి, 320 దాటితే ఈ నాలుగు, దాటకపోతే ఆ నాలుగు అని. బుర్రలో అని ఎందుకన్నానంటే లోపలికి కాగితం తీసుకెళ్లనివ్వరు.

ఇంకో సంగతి. స్క్రీన్ మీద యూనివర్సిటీ పేరు వెతికేటప్పుడు ఊరు పేరు కూడా చూసి నొక్కండి. యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ అని ఉంటే అది ఒక్కటి కాదు, ఒక్కో క్యాంపస్‌కి ఈటీఎస్ దగ్గర ఒక్కో కోడ్ నంబర్ ఉంటుంది. డల్లాస్ కోడ్ 6897, ఆర్లింగ్టన్ 6013, ఆస్టిన్ 6882. మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది మొదటి రెండింటికీ. అలసిపోయి ఉన్నప్పుడు అన్నీ ఒకేలా కనబడతాయి, ఒక క్యాంపస్‌కి పంపిన స్కోరు ఇంకో క్యాంపస్‌కి దానంతట అది వెళ్లదు. కోడ్లన్నీ బట్టీ పట్టక్కర్లేదు, రాష్ట్రం, ఊరు గుర్తుంటే చాలు. డిపార్ట్‌మెంట్ ఏది పెట్టాలా అని కంగారు పడకండి, చాలాచోట్ల యూనివర్సిటీ కోడ్ సరిగ్గా ఉంటే సరిపోతుంది.

నవంబర్ మొదటి వారంలో లిస్ట్ ఖాయం అయింది. ఎనిమిది యూనివర్సిటీలు. "అన్నిటికీ అఫీషియల్ స్కోర్లు పంపాలి, 24 వేలు అవుతుంది, ప్యాకేజీలో మా సర్వీస్ మాత్రమే ఉంది, ఇది విడిగా కట్టుకోవాలి" అన్నారు. నాన్న ఫోన్లో "ఇంకా ఎన్ని ఉన్నాయి అమ్మా ఇలాంటివి?" అని అడిగారు. కోపంగా కాదు, మామూలుగానే అడిగారు, లెక్క రాసుకోవడానికి. ఆ నెల యాసంగికి సరుకు తెచ్చుకునే టైము. నేను "ఇదే ఆఖరు నాన్నా" అన్నాను, కానీ అప్లికేషన్ ఫీజులు ఇంకా కట్టనే లేదు. డబ్బు కట్టాం, వాళ్లు ఎనిమిదింటికీ పంపారు.

తర్వాత, జనవరిలో, నేనే కూర్చుని ఎనిమిది యూనివర్సిటీల అడ్మిషన్ పేజీలూ మా డిపార్ట్‌మెంట్ పేజీలూ మొదటి నుంచి చివరి దాకా చదివాను. రెండింటికి జీఆర్ఈ అసలు అవసరమే లేదు, పంపినా లెక్కలోకి తీసుకోం అని స్పష్టంగా రాసి ఉంది. మూడింటికి అప్లై చేసేటప్పుడు స్కోరు టైప్ చేసి, మన అకౌంట్‌లో దొరికే పీడీఎఫ్ అప్‌లోడ్ చేస్తే చాలు, అడ్మిషన్ వచ్చి చేరతాం అన్నాకే అఫీషియల్ పంపాలి. మొదటి రోజు నుంచే ఈటీఎస్ నుంచి నేరుగా రావాలి అన్నవి మూడంటే మూడు. మూడు! నా ఉచిత నాలుగులో అవి పట్టేసి ఇంకా ఒకటి మిగిలేది. 24 వేల రూపాయల్లో ఒక్క రూపాయి కూడా కట్టే అవసరం లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డబ్బు పోయినందుకే కాదు, ఈ విషయం ఎక్కడో రహస్యంగా లేదు, అందరికీ కనబడేలా రాసి ఉంది, నేను ఇంగ్లిష్ మీడియంలో చదువుకుని టోఫెల్ రాసినదాన్ని, ఒక గంట కూర్చుని చదవకుండా వేరేవాళ్ల మాట మీద నాన్న చేత కట్టించాను.

కాబట్టి ముందు ఇది చూడండి. 2020 తర్వాత అమెరికాలో చాలా డిపార్ట్‌మెంట్లు జీఆర్ఈ తీసేశాయి, లేదా ఐచ్ఛికం చేశాయి, కొన్ని మళ్లీ తెచ్చాయి. పీజీలో ఇది యూనివర్సిటీ మొత్తానికి ఒకే రూలు కాదు, ఒకే క్యాంపస్‌లో కంప్యూటర్ సైన్స్ వాళ్లు అడుగుతారు, పక్క బిల్డింగ్‌లో డేటా సైన్స్ వాళ్లు అడగరు. ఏ ఏటికి ఆ ఏడు చూడాలి, సీనియర్ చెప్పింది పోయినేటి మాట. ఐచ్ఛికం అని ఉన్నచోట పంపాలా వద్దా అంటే, మీ బీటెక్ మార్కులు బాగుండి జీఆర్ఈ తక్కువగా ఉంటే పంపకండి. బీటెక్‌లో బ్యాక్‌లాగులు ఉండి క్వాంట్ 165 పైన ఉంటే తప్పకుండా పంపండి, అది మీ తరఫున మాట్లాడుతుంది.

ఇప్పటిదాకా చెప్పింది డబ్బు సంగతి. నాకు అసలు భయం వేసింది దీని తర్వాత.

జనవరి 3న, నేను అన్నిటికంటే ఎక్కువ కోరుకున్న యూనివర్సిటీ స్టేటస్ పేజీ మొదటిసారి నా కళ్లతో చూశాను. అప్పటిదాకా లాగిన్లన్నీ కన్సల్టెన్సీ దగ్గరే ఉన్నాయి, అడిగితే "అంతా ఓకే అమ్మా, మీరు టెన్షన్ పడొద్దు, మేము చూసుకుంటాం" అనేవాళ్లు. నాలుగుసార్లు అడిగితే పాస్‌వర్డ్ ఇచ్చారు. తెరిస్తే చెక్‌లిస్ట్‌లో జీఆర్ఈ పక్కన "అందలేదు", టోఫెల్ పక్కన "అందలేదు" అని ఎర్రగా ఉంది. కాగితాలన్నీ చేరడానికి చివరి తేదీ జనవరి 15. ఈటీఎస్ అకౌంట్‌లో చూస్తే నవంబర్‌లోనే పంపినట్టు ఉంది. టోఫెల్ అయితే ఇంకా ముందే, ఉచిత నాలుగులో నేనే స్వయంగా పెట్టాను. ఇటు పంపారు, అటు అందలేదు. మరి స్కోరు ఎక్కడుంది?

అక్కడే ఉంది. యూనివర్సిటీ దగ్గరే, వాళ్ల కంప్యూటర్లోనే, కానీ నా ఫైల్లో లేదు.

దీని వెనక ఏం జరుగుతుందో వివరంగా చెప్తాను, ఎందుకంటే మన తెలుగువాళ్లకి ఇది అందరికంటే ఎక్కువ జరిగే ప్రమాదం ఉంది. స్కోరు ఒక మనిషి చేతికి కాగితంగా వెళ్లదు, ఫైలు రూపంలో కంప్యూటర్‌కి వెళ్తుంది. ఆ కంప్యూటర్ వచ్చిన స్కోరులో పేరు, పుట్టిన తేదీ, మెయిల్ లాంటివి చూసి, అదే వివరాలున్న అప్లికేషన్ కోసం వెతుకుతుంది. దొరికితే అతికిస్తుంది. దొరక్కపోతే పక్కన పెడుతుంది, ఎవరైనా మనిషి వచ్చి చూసేదాకా అది అక్కడే ఉంటుంది. ఇప్పుడు మన పేర్లు ఎలా ఉంటాయో ఆలోచించండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, చాలాసార్లు ఒక్క అక్షరం ఇనీషియల్‌గా. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా, సర్‌నేమ్ గడిలో. కొందరికి పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీ, పేరంతా ఒకే గడిలో, అలాంటివాళ్లకి అమెరికా వీసా మీద పేరు బదులు ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు అని అర్థం) అని పడుతుంది. లక్ష్మి అని ఒకచోట ఒక స్పెల్లింగు, ఇంకోచోట ఎక్స్ పెట్టి ఇంకో స్పెల్లింగు. టెస్ట్ పాస్‌పోర్ట్ చూపించి రాస్తాం కాబట్టి స్కోరు మీద పాస్‌పోర్ట్ పేరే ఉంటుంది. మరి అప్లికేషన్ మీద?

నా అప్లికేషన్‌ని కన్సల్టెన్సీ వాళ్లు బీటెక్ మెమో ఎదురుగా పెట్టుకుని నింపారు. సర్‌నేమ్ గడిలో ఒక్క అక్షరం. పుట్టిన తేదీ జులై 4 అయితే ఏప్రిల్ 7 అని పడింది, ఎందుకంటే అమెరికా వాళ్లు నెల ముందు రాస్తారు, మనం రోజు ముందు రాస్తాం. పైగా మెయిల్ నాది కాదు. నా పేరుతో వాళ్లే ఒక కొత్త జీమెయిల్ తెరిచి ఎనిమిది అప్లికేషన్లకీ అదే ఇచ్చారు. ఒక్కో స్టూడెంట్‌కి ఒక్కో మెయిల్ అలా తెరుస్తారట, వాళ్ల సౌకర్యం కోసం. ఆ మెయిల్‌లోకి వెళ్లి చూస్తే డిసెంబర్ 2, 11, 20 తేదీల్లో యూనివర్సిటీ నుంచి మూడు ఉత్తరాలు ఉన్నాయి, మీ స్కోర్లు అందలేదు, చూసుకోండి అని. ఒక్కటీ తెరవలేదు. మూడూ చదవని మెయిల్‌కి ఉండే లావు అక్షరాల్లోనే ఉన్నాయి.

కంప్యూటర్ తప్పేమీ లేదు. నా స్కోరులోనూ నా అప్లికేషన్‌లోనూ ఒక్క వివరం కూడా కలవనప్పుడు అది ఎలా అతికిస్తుంది!

ఏం చేశానో రాస్తాను, ఎవరికైనా ఇదే పరిస్థితి వస్తే పనికొస్తుంది. ముందు నా సొంత మెయిల్ నుంచి అడ్మిషన్ ఆఫీసుకి చిన్న ఉత్తరం రాశాను. సబ్జెక్ట్‌లోనే అప్లికేషన్ నంబర్ పెట్టాను. లోపల నా పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు, అప్లికేషన్‌లో ఉన్నట్టు రెండూ ఒకదాని కింద ఒకటి, అసలు పుట్టిన తేదీ నెల పేరు అక్షరాల్లో, జీఆర్ఈ రిజిస్ట్రేషన్ నంబర్, టోఫెల్ రిజిస్ట్రేషన్ నంబర్, రాసిన తేదీలు, పంపిన తేదీలు. పాస్‌పోర్ట్ మొదటి పేజీ, రెండు స్కోర్ల పీడీఎఫ్‌లు జతచేశాను. "నా స్కోర్లు మీ దగ్గర వేరే రికార్డు కింద ఉండొచ్చు, దయచేసి వెతికి నా అప్లికేషన్‌కి కలపగలరా" అని అడిగాను. ఎవరినీ నిందించలేదు, కథ చెప్పలేదు. కథ చెప్తే చదివే మనిషికి ఏం చేయాలో అర్థం కాదు, నంబర్లు ఇస్తే వెతుకుతారు.

రెండు రోజులు జవాబు లేదు, మధ్యలో శని, ఆదివారాలు వచ్చాయి. సోమవారం రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేశాను, అప్పటికి టెక్సాస్‌లో ఉదయం పది. అమ్మ పక్కనే కూర్చుంది, ఆవిడకి ఇంగ్లిష్ రాదు, నా ముఖం చూస్తూ ఉంది. అవతల ఒక పెద్దావిడ ఎత్తారు, నంబర్ అడిగారు, కాసేపు టైపు చేస్తున్న చప్పుడు. తర్వాత "రెండూ నవంబర్ నుంచి మా దగ్గరే ఉన్నాయి, నేను కలుపుతున్నాను, రేపటికి మీ పేజీలో కనబడుతుంది" అన్నారు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. నేను ఫోన్ పెట్టేసి ఏం చెప్పాలో తెలియక తల ఊపాను, అమ్మకి అర్థమైంది, లేచి దేవుడి గదిలోకి వెళ్లింది. మర్నాడు రెండూ పచ్చగా మారాయి. మిగతా ఏడింటికీ అదే ఉత్తరం పంపాను, ఇంకో మూడింట్లో ఇదే సమస్య బయటపడింది. పుట్టిన తేదీ, సర్‌నేమ్, మెయిల్ అన్నిచోట్లా మార్పించుకున్నాను.

అప్పటికి డబ్బు కట్టి మళ్లీ పంపేద్దామా అని కూడా ఆలోచించాం. కన్సల్టెన్సీ సార్ ఇచ్చిన సలహా అదే, "ఇంకోసారి పంపేద్దాం అమ్మా, ఒక్కోసారి మిస్ అవుతాయి" అని. పంపి ఉంటే రెండో స్కోరు కూడా వెళ్లి మొదటిదాని పక్కనే కూర్చునేది, పేరు అదే కదా. "అందలేదు" అని కనబడితే మళ్లీ డబ్బు కట్టే ముందు ఉత్తరం రాయండి, ఫోన్ చేయండి.

ఈటీఎస్‌కి ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, వాళ్ల అకౌంట్‌లో పంపిన తేదీ వరకే తెలుస్తుంది, అవతల ఎవరి ఫైల్లో చేరింది అన్నది తెలియదు. అది యూనివర్సిటీ చేతిలో ఉన్న పని అని నాకూ తెలుసు. కానీ డబ్బు కట్టిన వాడికి ఆ పేజీలో ఒక్క వాక్యం, "పేరు, పుట్టిన తేదీ అప్లికేషన్‌తో కలిశాయో లేదో చూసుకోండి" అని పెద్దక్షరాల్లో ఉంటే ఎంతమందికి మేలు! మిగతా అంతా చెప్పినట్టే జరిగింది, జీఆర్ఈ స్కోరు పదో రోజుకి వచ్చింది, పంపమన్నవి పంపమన్న చోటికే వెళ్లాయి.

మిగతా టెస్టుల గురించి కూడా తెలిసినంత వరకు రాస్తాను. ఐఈఎల్‌టీఎస్, డ్యుయొలింగో కూడా టోఫెల్ లాంటి ఇంగ్లిష్ టెస్టులే. ఐఈఎల్‌టీఎస్‌లో ఐదు చోట్లకి ఉచితంగా పంపుకోవచ్చు, చాలా యూనివర్సిటీలు టెస్ట్ రిపోర్ట్ ఫారం మీదున్న నంబరుతో వాళ్లే సరిచూసుకుంటాయి, అందుకే యూకే, ఆస్ట్రేలియా వెళ్లే మా స్నేహితులు ఈ గొడవ పెద్దగా పడలేదు. డ్యుయొలింగోలో ఎన్ని చోట్లకైనా ఉచితమే, ఆ విషయంలో అదే అన్నిటికంటే హాయి, కానీ అందరూ ఒప్పుకోరు, మీ డిపార్ట్‌మెంట్ పేజీ చూసి రాయండి. ఇంటర్ తర్వాతే డిగ్రీకి వెళ్లే పిల్లలకి శాట్ ఉంటుంది, దాంట్లోనూ నాలుగు ఉచితం, టెస్ట్ అయిన తొమ్మిది రోజుల వరకు ఎంచుకోవచ్చు, అయితే స్కోరు ఆ లోపు రాదు కాబట్టి చూడకుండానే ఎంచుకోవాలి. అక్కడ కూడా ఒక్కో యూనివర్సిటీది ఒక్కో దారి. ఎంఐటీ 2022లోనే శాట్ మళ్లీ తప్పనిసరి చేసింది, కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లు అడ్మిషన్‌కి శాట్ అసలు చూడవు, పంపినా చూడవు.

కన్సల్టెన్సీకే వెళ్లొద్దని నేను చెప్పను. మా ఊళ్లో నాకంటే ముందు అమెరికా వెళ్లినవాళ్లు మా బంధువుల్లో ఎవరూ లేరు, యూనివర్సిటీల పేర్లు కూడా నాకు అక్కడే తెలిశాయి. ఎస్ఓపీ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నామో రాసే వ్యాసం) దిద్దించుకోండి, లిస్ట్ వేయించుకోండి, వీసా ఇంటర్వ్యూకి ప్రాక్టీస్ చేయండి. కానీ మూడు మాత్రం మీ చేతిలోంచి ఇవ్వకండి: మీ మెయిల్, మీ ఈటీఎస్ అకౌంట్ పాస్‌వర్డ్, అప్లికేషన్‌లో పేరూ పుట్టిన తేదీ నింపే ఆ మొదటి పేజీ. ఆ పేజీ పాస్‌పోర్ట్ ఎదురుగా పెట్టుకుని మీరే నింపండి, పదిహేను నిమిషాల పని. సబ్మిట్ చేసిన పది రోజుల నుంచి వారానికి రెండుసార్లు స్టేటస్ పేజీ తెరిచి చూడండి. డబ్బు కట్టేటప్పుడు కార్డు పనిచేయకపోతే భయపడకండి, మన కార్డుల్లో విదేశీ చెల్లింపులు చాలాసార్లు ఆపేసి ఉంటాయి, బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోవాలి. మాకు ఈ విషయం తెలియక ఒక అప్లికేషన్ ఫీజు డల్లాస్‌లో ఉన్న నాన్న స్నేహితుడి కొడుకు చేత కట్టించాం.

మాకు ఆ 24 వేలు తిరిగి రాలేదు. అడిగాను, "స్కోర్లు పంపాం కదా" అన్నారు. పంపారు, నిజమే. చివరికి నేను చేరింది ఆ ఫోన్‌లో పెద్దావిడ స్కోర్లు కలిపిన యూనివర్సిటీలోనే.

పోయిన నెల మా వీధిలో అబ్బాయి జీఆర్ఈ రాశాడు. ముందు రోజు రాత్రి వీడియో కాల్‌లో వాడి చేత ఊళ్ల పేర్లు రెండుసార్లు చెప్పించాను, 315 దాటితే ఏవి, దాటకపోతే ఏవి అని. సెంటర్ నుంచి బయటికి రాగానే ఫోన్ చేశాడు. "311 అక్కా. రెండో లిస్ట్ పెట్టేశాను, నాలుగూ. ఆర్లింగ్టన్ దగ్గర ఊరు చూసే నొక్కాను" అన్నాడు. వాడు అప్లై చేయబోయే మిగతా రెండూ పీడీఎఫ్ చాలన్న యూనివర్సిటీలే, పేజీలు వాడే చదివి చెప్పాడు.